గదిలో ఉంచిన స్త్రీ కథను చదవడం ఎలా? పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా, నలుగురు కూడి చదివేవారికి ఒక మార్గదర్శి

కాన్పు తర్వాత దిగులుపడ్డ భార్యను డాక్టరు భర్త విశ్రాంతి పేరుతో ఒక మేడగదిలో ఉంచుతాడు. ఆమె ఆ గది పసుపు గోడకాగితాన్నే చూస్తూ గడుపుతుంది, ఆ కాగితం వెనక ఇంకో స్త్రీ చిక్కుకుని ఉన్నట్టు ఆమెకు కనిపిస్తుంది. అమెరికా రచయిత్రి షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ రాసిన ఈ 'ద యెల్లో వాల్‌పేపర్' కథను తెలుగులో వినిపించి ఆపగానే, పర్లాకిమిడిలో అయినా గుణుపురంలో అయినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఇంతకీ ఆవిడకు పిచ్చెక్కిందా, గాలి సోకిందా?" ఆ ప్రశ్నతో మొదలుపెడితే చర్చ పది నిమిషాల్లో తెల్లారిపోతుంది. సగం మంది పిచ్చి అంటారు, సగం మంది దయ్యం అంటారు, ఒకరు తమ మేనత్త సంగతి ఎత్తుకుంటారు, ఇంతలో టీ వస్తుంది. అందుకే ఆ ప్రశ్నను ఇక్కడ వెనక్కి నెట్టాను. ముందు ఇల్లు చూడండి. తలుపు ఎటు తెరుచుకుంటుంది, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, ఆమెకు ఆ గది ఎంచింది ఎవరు? ఇవి తేలితే మనసు ఎక్కడ చెదిరిందో వేరే అడగనక్కరలేదు.

గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బయట ఒడియాలో బతికే వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. కాలేజీ పిల్లలకూ పనికొస్తుంది. కానీ మధ్యాహ్నం పని ముగించుకుని ఒక ఇంటి సావిడిలో కూర్చునే ఆడవాళ్ల కోసమే ఎక్కువగా రాశాను.

1. ఏ కథలు, ఏ వరుసలో

నాలుగు చాలు. మొదట గిల్మన్ కథ, 1892 జనవరిలో 'న్యూ ఇంగ్లాండ్ మ్యాగజైన్'లో వచ్చింది. తర్వాత ఫకీర్‌మోహన్ సేనాపతి 'రేబతి', 1898లో 'ఉత్కళ సాహిత్య' పత్రికలో వచ్చింది. మూడోది రవీంద్రనాథ్ ఠాగూర్ 'స్త్రీర్ పత్ర', 1914 నాటిది. నాలుగోది సుసాన్ గ్లాస్పెల్ 'ఎ జ్యూరీ ఆఫ్ హర్ పీర్స్', 1917 నాటిది. కేట్ షోపాన్ 'ద స్టోరీ ఆఫ్ ఆన్ అవర్' (1894) చాలా చిన్నది. ఎవరైనా ఆలస్యంగా వస్తుంటే, వాళ్లు వచ్చేలోపు చదివేయవచ్చు.

గిల్మన్ కథను ముందు పెట్టమనడానికి కారణం అది గొప్పదని మాత్రమే కాదు, దూరపుదని కూడా. మన ఇంటి సంగతి కానప్పుడు నోళ్లు తేలిగ్గా తెరుచుకుంటాయి. 'రేబతి'తో మొదలుపెడితే "మా నాయనమ్మ కూడా ఇలాగే తిట్టేది" దగ్గరే ఆగిపోతాం.

హక్కుల సంగతి కూడా చూసుకోవాలి. మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్లకు రచన అందరిదీ అవుతుంది. గిల్మన్ 1935లో, ఠాగూర్ 1941లో, ఫకీర్‌మోహన్ 1918లో, గ్లాస్పెల్ 1948లో పోయారు. మూలాన్ని మీరే అనువదించుకోవచ్చు, ప్రతులు తీసి పంచుకోవచ్చు. ఎవరో ఈమధ్య చేసిన అనువాదమైతే మాత్రం దాని హక్కు అనువాదకులదే.

2. పైకి చదవడం

మన ఊళ్లలో తెలుగు గడగడా మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేనివాళ్లు ప్రతి ఇంటా ఉన్నారు. బడి ఒడియాలో సాగింది కదా. కాబట్టి ప్రతులు పంచి "చదువుకు రండి" అంటే సగం మంది రారు. ఒకరు పైకి చదవాలి. గిల్మన్ కథ ఆంగ్లంలో సుమారు 6,000 పదాలు. తెలుగులో మెల్లగా చదివితే గంట దాటుతుంది. రెండు పూటలుగా పంచుకోండి. ఆమె జులై 4 పండుగ (అమెరికా స్వాతంత్ర్య దినం) అయిపోయిందని రాసే చోట మొదటి పూట ఆపితే బాగుంటుంది. బంధువులు వచ్చి వెళ్లారు, ఆమె అలిసిపోయింది. ఇంకా ఏమీ 'జరగలేదు'. విన్నవాళ్లు ఇంటికి వెళ్లి ఆలోచిస్తారు.

'రేబతి' వంతు వచ్చినప్పుడు పాత్రలు తారుమారు చేయండి. మూలం ఒడియాలోనే ఉంది. తెలుగు అక్షరాలు రానివాళ్లు ఆ రోజు చదువుతారు, తెలుగు బడిలో చదివి కోడలిగా వచ్చినవాళ్లు వింటారు. ఒడియా చదివే ఆమె గొంతులో ఆ రోజు వచ్చే ధీమా చూడవలసిందే.

గోడకాగితం అంటే ఏమిటో ముందే చూపించండి. ఇప్పుడు బరంపురం దుకాణాల్లో అంటించే కాగితం చుట్టలు దొరుకుతున్నాయి. ఒక ముక్క తెచ్చి గోడకు ఆనించి పెట్టండి. పువ్వూ తీగా ఎంత దూరానికి ఒకసారి తిరిగి వస్తాయో వేలితో కొలవమనండి. కథలో ఆమె సాయంత్రాలన్నీ చేసిన పని అదే. ఆమె చూస్తున్న కాగితంలో మాత్రం ఆ వరుస ఎంతకీ కుదరదు. కుదరని దాన్ని పట్టుకుని కొలుస్తూ కూర్చోవడం ఎంత అలసటో చేత్తో చేసి చూసినవాళ్లకు చెప్పకుండానే తెలుస్తుంది.

అనువదించేవారికి ఒక్క మాట. ఆమె భర్త జాన్‌ను జానయ్య చేయకండి, ఆ ఇంటిని అగ్రహారానికి తేకండి. అమెరికా ఇల్లు అమెరికా ఇల్లుగానే ఉండాలి. పోలిక చర్చలో వస్తే చాలు, కథలోకి రాకూడదు.

3. ఇంటి పటం గీయడం

ఇది అసలు మెట్టు. ఒక పెద్ద కాగితం నేల మీద పరిచి, కథలో చెప్పిన ఇంటిని అందరూ కలిసి గీయాలి. బొమ్మ బాగా రానక్కరలేదు.

ఇల్లు ఊరికి దూరంగా, రోడ్డుకు ఎడంగా ఉంది. మూడు నెలలకు అద్దెకు తీసుకున్నారు. ఆమెకు కింద, గులాబీలున్న వరండాలోకి తెరుచుకునే గది నచ్చింది. భర్త ఒప్పుకోలేదు. దానికి ఒకటే కిటికీ, రెండు మంచాలు పట్టవు, తనకు పక్కన ఇంకో గది లేదు అన్నాడు. మేడ మీద పెద్ద గది ఇచ్చాడు. నాలుగు దిక్కులా కిటికీలు, గాలీ వెలుతురూ దండిగా. వినడానికి మంచి గదే. ఇప్పుడు ఒక్కొక్కటీ పటంలోకి ఎక్కించండి: కిటికీలకు కమ్మీలు, గోడలకు ఇనుప కడియాలు, నేలకు మేకులతో బిగించిన మంచం, మెట్ల పైన ఒక గేటు. ఒకప్పుడు పిల్లల గది అయి ఉంటుంది, తర్వాత కసరత్తు గది అయి ఉంటుంది అని ఆమె తనకు తానే సర్దిచెప్పుకుంటుంది.

పటం పూర్తయ్యాక అడగండి: "పిల్లల గదికి గోడ కడియాలు ఎందుకు?" ఎవరూ చప్పున జవాబు చెప్పరు. చెప్పనవసరం కూడా లేదు. ఆమె చెబుతున్నది ఒకటి, గది చెబుతున్నది ఇంకొకటి అని ఆ కాగితం మీద అందరికీ కనిపిస్తే ఈ మెట్టు ఎక్కినట్టే.

తర్వాత పక్కనే మీ ఊరి పాత ఇల్లు ఒకటి గీయించండి. వీధి అరుగు, సావిడి, నట్టిల్లు, వంటిల్లు, పెరడు, ఒకదాని వెనక ఒకటి గదులుగా పొడుగ్గా సాగే ఇల్లు. బాలింతను ఎక్కడ ఉంచేవారు? ముట్టయితే ఎక్కడ కూర్చునేవారు? మొగుడు పోయిన ఆవిడ ఏ గుమ్మం దాటేది కాదు? గీత గీసి చూపించమనండి. పెద్దవాళ్లు ఉంటే ఈ ఒక్క పనికే ఒక పూట పడుతుంది. పడనివ్వండి.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "మనమూ పచ్చి బాలింతను గదిలోనే ఉంచుతాం కదా, అదీ ఇదీ ఒకటేనా?" ఒకటి కాదు. మన పురిటి గదికి గడువు ఉంది. ఒడియా ఇళ్లలో 21వ రోజు వేడుకతో, మన ఇళ్లలో పురిటి స్నానాలతో అది ముగుస్తుంది. బిడ్డ పక్కలోనే ఉంటుంది. తల్లో అక్కో వచ్చి పోతుంటారు, ఏడవాలనిపిస్తే ఏడవడానికి ఒక ఒడి దొరుకుతుంది. గిల్మన్ కథలో బిడ్డ ఇంకొకరి చేతుల్లో ఉంది. ఆమె రమ్మనాలనుకున్న చుట్టాలను కూడా జాన్ ఇప్పుడే వద్దంటాడు. అలాగని మన గదిని ఆకాశానికి ఎత్తకండి. 'స్త్రీర్ పత్ర'లో ప్రసవం చేయడానికి వచ్చిన ఇంగ్లిష్ డాక్టరు ఆ ఇంటి లోగిలి చూసి ఆశ్చర్యపోతాడు, పురిటి గది చూసి చీవాట్లు పెడతాడు. ఆ ప్రసవంలో పుట్టిన ఆడపిల్ల దక్కదు.

4. 'నీ మంచికే' అన్న మాటలు ఏరడం

జాన్ చెడ్డవాడైతే ఈ కథ ఇన్నాళ్లు నిలిచేది కాదు. అతను కొట్టడు, తిట్టడు, వేళకు మందు ఇస్తాడు, ఎత్తుకుని మేడ మీదికి తీసుకెళ్లి పడుకోబెడతాడు, చదివి వినిపిస్తాడు. ముద్దు పేర్లతో పిలుస్తాడు, అవన్నీ చిన్నపిల్లలను పిలిచే పేర్లే. అతను డాక్టరు. ఆమె అన్న కూడా డాక్టరు. ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు: జబ్బేమీ లేదు, నరాల నీరసం. జాన్ డాక్టరు కావడం వల్లనే తనకు త్వరగా నయం కావడం లేదేమో అని ఆమె మొదటి పేజీలోనే అంటుంది. అది మనిషితో చెప్పలేదు, కాగితంతో చెప్పుకుంది.

బృందంలో ఒకరికి ఎర్ర పెన్సిలు ఇచ్చి, జాన్ ఆమె కోసమే అన్న ప్రతి మాట కింద గీత గీయమనండి. గీతలు పెరిగే కొద్దీ ఆమెకు మిగిలిన చోటు తగ్గుతుంది. గోడకాగితం మార్చుదామని ఆమె అడిగినప్పుడు అతని జవాబు చూడండి: ఇవాళ కాగితం అంటావు, రేపు మంచం అంటావు, తర్వాత కిటికీ కమ్మీలు, ఆపైన మెట్ల గేటు. అంటే కమ్మీలు ఉన్నాయనీ, గేటు ఉందనీ, ఆమెకు అవి నచ్చడం లేదనీ అతనికి తెలుసు. నా లెక్కలో కథకు గుండెకాయ ఇదే, చివరి భయం కాదు.

మన వాడుకలో ఈ మాటలకు కొదవ లేదు. గాలి తగులుతుంది, ఒంటికి పడదు, నలుగురూ ఏమనుకుంటారు, ఇప్పుడే ఎందుకు, ఆయన వచ్చాక అడుగుదాం. వీటిలో ఏది ప్రేమ, ఏది తాళం అన్నది వాదించుకోండి. వదినా మరదళ్లు ఒకే బృందంలో ఉంటే కాస్త జాగ్రత్త. కథ మీది వాదన ఇంటి మీదికి మళ్లడానికి ఎంతో సేపు పట్టదు.

5. ఎప్పుడు రాసింది, ఎప్పుడు దాచింది

కథంతా ఆమె దొంగచాటుగా రాసుకున్న కాగితాలే. రాయవద్దని ఆంక్ష ఉంది. జాన్ వస్తున్నాడు, దాచేయాలి అని ఒక చోట ఆపుతుంది. ఆడపడుచు జెన్నీ మెట్ల మీద వస్తోందని ఇంకో చోట ఆపుతుంది. ఆ ఆగిన చోట్లు గుర్తుపెట్టుకోండి. చివరికి వచ్చేసరికి ఆమె దాచడం మానేస్తుంది. ఎవరికి భయపడాలో ఆ లెక్కే మారిపోయింది. వాక్యాలు పొట్టివైపోతాయి. మొదట్లో ఆమె రోజులు లెక్కపెట్టేది, పండుగ చెప్పేది. తర్వాత పగలు నిద్ర, రాత్రి కాపలా. వెన్నెల కాగితం మీద పడే వేళలు తప్ప ఆమెకు వేరే గడియారం ఉండదు.

మృణాల్ సంగతి కూడా ఇక్కడే తలుచుకోవాలి. 'స్త్రీర్ పత్ర'లోని ఆ రెండో కోడలు అత్తింట్లో ఎవరికీ తెలియకుండా కవిత్వం రాసుకునేది. ఆమె కూడా రాసే మనిషే. ఒకామె చెదిరిపోయింది, ఇంకొకామె బయటపడింది. ఎందుకని? జవాబు నేను చెప్పను, మీ బృందం తేల్చుకోవాలి. ఒక్క ఆధారం ఇస్తాను: మృణాల్ ఉత్తరం రాస్తున్నది ఆ ఇంట్లో కూర్చుని కాదు.

6. గోడ అడుగున ఉన్న గీత

ఈ మెట్టుకు కథను రెండోసారి తిరగేయాలి. మొదటిసారి వినేటప్పుడు ఎవరూ పట్టుకోరు.

కథ మధ్యలో ఆమె ఒక మాట రాస్తుంది: గోడ కింద, నేలకు దగ్గరగా, గది చుట్టూ ఒక పొడుగాటి మరక ఉంది, ఎవరో ఒళ్లు రాసుకుంటూ తిరిగినట్టు. మంచం వెనక తప్ప గదంతా తిరిగి వస్తుంది. ఎవరు చేశారో, ఎందుకు చేశారో అని ఆశ్చర్యపోతుంది. గుండ్రంగా, గుండ్రంగా, తల తిరుగుతోంది అంటుంది. అంతకు కాస్త ముందే జెన్నీ ఫిర్యాదు చేసింది: ఆమె బట్టలకూ జాన్ బట్టలకూ పసుపు మరకలు అంటుకుంటున్నాయని. ఆఖరి పుటలో ఆమె నేల మీద పాకుతుంది, భుజం సరిగ్గా ఆ మరకలో ఇముడుతుంది, దారి తప్పదు అని సంతోషిస్తుంది.

మంచం సంగతీ అంతే. ఇక్కడ ఉన్న పిల్లలు మంచాన్ని ఎలా కొరికేశారో అని ఒక చోట వింతపోతుంది. తర్వాత కోపం వచ్చి తానే మంచం మూల కొరికి ఒక చిన్న ముక్క ఊడగొడుతుంది, పన్ను నొప్పి పుట్టిందని కూడా రాస్తుంది. అయితే ఆ మొదటి కొరుకుళ్లు ఎవరివి? ఆ మరక ఎప్పటి నుంచి ఉంది? ఆమె తాను చేసిన పనులనే ఎవరో చేసినట్టు మనకు చెబుతూ వచ్చిందా? లేక ఆమె కంటే ముందు ఆ గదిలో ఇంకొక స్త్రీని ఉంచారా? రెండింటికీ కథలో చోటు ఉంది. రెండోది తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. మొదటిది తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

మనసు జారుతున్న తీరును రచయిత్రి 'నాకు మతి పోతోంది' అని ఎక్కడా చెప్పించలేదు. మరక చూపించింది, పంటి గాటు చూపించింది. గ్లాస్పెల్ కూడా అదే పని చేసింది. 'ఎ జ్యూరీ ఆఫ్ హర్ పీర్స్'లో భర్తను చంపిందన్న అనుమానంతో జైల్లో ఉన్న మిన్నీ రైట్ కథలో ఒక్కసారీ మన ముందుకు రాదు. ఆమె కుట్టిన బొంత ముక్కలు మాత్రం ఉన్నాయి. కుట్టు అన్ని చోట్లా పొందికగా ఉండి, ఒక్క చోట అడ్డదిడ్డంగా పోయింది. కుట్టు తెలిసిన ఆడవాళ్లు అది చూసి గ్రహిస్తారు. ఇల్లంతా సోదా చేస్తున్న మగవాళ్లు బొంత గురించి వేళాకోళం ఆడి వెళ్లిపోతారు. మీ బృందంలో కుట్టుపని చేసేవాళ్లు ఉంటే ఈ చోటు వాళ్లకు వదిలేయండి. కోపంలో కుట్టిన కుట్టు ఎలా ఉంటుందో వాళ్లు చెప్పినంత బాగా ఏ విమర్శకుడూ చెప్పలేడు.

7. కాపలా ఉన్న ఆడవాళ్లు

జెన్నీ మంచి గృహిణి, ఇంతకంటే గొప్ప ఉద్యోగం ఆమె కోరుకోదు. రాయడం వల్లనే వదినకు జబ్బు చేసిందని ఆమె నమ్మకం. 'స్త్రీర్ పత్ర'లో పెద్ద తోడికోడలు, పిచ్చివాడికిచ్చి పెళ్లి చేస్తే తప్పించుకు వచ్చిన సొంత చెల్లెలు బిందుకే అండగా నిలబడలేదు. పిచ్చివాడైనా మంచివాడైనా మొగుడు మొగుడే అని పంపేసింది. 'రేబతి'లో నాయనమ్మ ఇంకా చిక్కు మనిషి. వీళ్లను తిట్టిపోయడం తేలిక. వాళ్లకు ఆ ఇంట్లో ఇంకో గది ఉందా అని ముందు పటంలో వెతకండి.

8. 'విశ్రాంతి చికిత్స' వెనక ఉన్న డాక్టరు

కథలో వెయిర్ మిచెల్ పేరు వస్తుంది. త్వరగా కోలుకోకపోతే అతని దగ్గరికి పంపుతానని జాన్ అంటాడు. అతను కల్పిత పాత్ర కాదు. సైలస్ వెయిర్ మిచెల్ ఫిలడెల్ఫియాలో పేరుమోసిన నరాల వైద్యుడు. అమెరికా అంతర్యుద్ధంలో అవయవాలు పోయిన సైనికులను పరీక్షించి, లేని చేయి నొప్పి పుట్టడం గురించి రాసినవాడు. 1877లో తన చికిత్స మీద పుస్తకం వేశాడు. ఆరు నుంచి ఎనిమిది వారాలు మంచం దిగకూడదు, అయినవాళ్లను చూడకూడదు, పాలు తాగి ఒళ్లు చేయాలి, మర్దన, విద్యుత్ ప్రవాహం, చదువూ రాతా బంద్.

గిల్మన్‌కు 1884లో చిత్రకారుడు వాల్టర్ స్టెట్సన్‌తో పెళ్లయింది, 1885లో కూతురు పుట్టింది, తర్వాత తీవ్రమైన దిగులు పట్టుకుంది. 1887లో మిచెల్ దగ్గర సుమారు నెల రోజులు ఉంది. ఇంటి పని చూసుకో, బుద్ధితో చేసే పని రోజుకు రెండు గంటలు మించనీయకు, బతికినన్నాళ్లు కలమూ కుంచే పట్టకు అని చెప్పి పంపాడని ఆమె 1913లో రాసింది. సుమారు మూడు నెలలు ఆ మాట పాటించి మతి పోయే అంచు దాకా వెళ్లిందట. తర్వాత సలహా అవతల పారేసి పనిలో పడింది, భర్త నుంచి విడిపోయింది, ఈ కథ రాసింది. ఒక ప్రతి మిచెల్‌కు పంపితే ఉలుకూ పలుకూ లేదు. అతను చికిత్స మార్చుకున్నాడని ఎవరో అన్నట్టు విన్నానని ఆమె రాసుకుంది గానీ, అందుకు ఆధారం పరిశోధకులకు దొరకలేదు. చర్చలో దాన్ని నిజంగా చెప్పేయకండి.

నరాల నీరసంతో వచ్చిన మగవాళ్లకు అదే మిచెల్ ఇంకో మందు ఇచ్చేవాడు: పడమటికి వెళ్లు, గుర్రం ఎక్కు, ఆరుబయట ఉండు. ఓవెన్ విస్టర్ అనే యువకుడు అతని సలహా మీద 1885లో వయోమింగ్ వెళ్లాడు. అక్కడి అనుభవాలతో తర్వాత నవల రాసి పేరు తెచ్చుకున్నాడు. ఒకే డాక్టరు మగవాడిని మైదానంలోకి పంపాడు, ఆడదాన్ని గదిలోకి పంపాడు. ఈ రెండు సంగతులు పక్కపక్కన చెప్పి ఊరుకోండి. మిగతాది బృందమే మాట్లాడుతుంది.

9. ఒడియా ఇంటికి, పూరీ తీరానికి

ఇప్పుడు 'రేబతి' చదవండి. కటక్ జిల్లా పాటపూర్ గ్రామం, జమీందారు దగ్గర పన్ను వసూలు చేసే శ్యామబంధు మహాంతి ఇల్లు. పదేళ్ల కూతురు రేబతి చదువుకుంటానంటుంది. బడి పంతులు బాసు నేర్పుతాడు. నాయనమ్మకు ఇష్టం లేదు. కలరా వస్తుంది. తండ్రి పోతాడు, తల్లి పోతుంది, ఉన్న ఆస్తి జమీందారు లాక్కుంటాడు, బాసు కూడా కలరాకే పోతాడు, చివరికి ఆ పిల్ల జ్వరంతో ముడుచుకుపోతుంది. ఇంత జరిగినా నాయనమ్మకు కారణం ఒకటే: ఈ పిల్ల చదువు. రేబతీ, నిప్పూ, పొయ్యీ అంటూ ఆ ముసలమ్మ పెట్టే కేక ఒడియా వచ్చిన ప్రతివారికీ తెలుసు.

కథ పేరు రేబతిదే గానీ, మతి చెదురుతున్నది ఎవరికి అని అడిగితే చర్చ ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. ఒక్కొక్కరినీ పోగొట్టుకుంటూ తిట్టడానికి మనిషి మిగలని దాకా తిడుతున్నది నాయనమ్మ. గిల్మన్ కథానాయిక కాగితంలో ఒక స్త్రీని చూసింది, ఈ ముసలమ్మ పలకా బలపంలో చావును చూసింది. ఇద్దరికీ ఇంటి గోడల అవతల ఏమీ లేదు. నాయనమ్మను మూఢురాలని కొట్టిపారేసేవాళ్లు ఈ కథను సగమే విన్నట్టు లెక్క.

'స్త్రీర్ పత్ర' పూరీ నుంచి రాసిన ఉత్తరం. పన్నెండేళ్లకు కాపురానికి వచ్చి, పదిహేనేళ్లు కలకత్తాలో మాఖన్ బడాల్ సందు 27వ నంబరు ఇంట్లో గడిపిన మృణాల్, తీర్థయాత్రకని పూరీ వచ్చి అక్కడి నుంచి మొగుడికి రాస్తుంది, ఇక రానని. ఆమె పోగొట్టుకున్నది బిందును. పిచ్చివాడికి ఇచ్చి పెళ్లి చేస్తే తప్పించుకు వచ్చింది, మళ్లీ పంపారు, చివరికి ఒంటికి నిప్పంటించుకుంది. ఆడవాళ్లకు చీరకు నిప్పంటించుకుని చావడం ఒక మోజు అయిపోయిందని మగవాళ్లు వ్యాఖ్యానించారట. ఇందులో పిచ్చి ఎవరికో, బందీ ఎవరో చూడండి. మతి లేనివాడు మగవాడు, అతని కోసం మతి ఉన్న పిల్లను గదిలోకి నెట్టారు. గిల్మన్ కథను తిరగేసి చూపినట్టుంటుంది.

ఈ కథను ఠాగూర్ వ్యావహారిక బెంగాలీలో రాశారు. వ్యావహారిక తెలుగు కోసం పోరిన గిడుగు రామమూర్తి పనిచేసిన పర్లాకిమిడిలో కూర్చుని చదువుతున్నప్పుడు, ఉత్తరాన్ని గ్రాంథికంలోకి దింపకండి. మొగుడికి రాసే మాటలా వినిపించాలి.

తెలుగు కథ ఏదీ లేదా అంటారు. గురజాడ 'దిద్దుబాటు' (1910) ఉంది. అందులో కమలిని కూడా ఉత్తరం పెట్టి వెళ్లిపోయింది, అయితే ఎంత దూరం? మంచం కిందికి. మొగుడికి బుద్ధి చెప్పడానికి ఆడిన నాటకం అది. నాలుగేళ్ల తేడాలో రెండు ఉత్తరాలు, ఒకటి మంచం కింద నుంచి, ఒకటి సముద్రం ఒడ్డు నుంచి. ఈ రెండూ కలిపి ఒక పూట చదివితే నవ్వులూ వస్తాయి, అప్పటి దాకా పట్టిన బరువు కాస్త దిగుతుంది.

10. ముగింపు మీద తగవు

గిల్మన్ కథ చివర ఆమె తలుపు తాళం వేసుకుని, తాళంచెవి కిటికీలోంచి కింద మెట్ల దగ్గర ఆకు కింద పడేలా విసిరేస్తుంది. కాగితం చీల్చేస్తుంది. తాను బయటపడ్డానని అంటుంది. జాన్ లోపలికి వచ్చి మూర్ఛపోతాడు, అడ్డంగా పడిన అతని మీదుగా ప్రతిసారీ పాకుతూ వెళ్లవలసి వస్తోందని విసుక్కుంటుంది.

గెలిచిందా, ఓడిందా? ఒక వర్గం గెలుపంటుంది: తాళంచెవి మొదటిసారి ఆమె చేతికి వచ్చింది. నాకు అంత ధైర్యం లేదు. బయటికి వెళితే నేల మీద పాకాలి, అక్కడ పసుపు బదులు అంతా పచ్చగా ఉంటుంది అని ఆమే భయపడుతుంది. బయటపడ్డానన్న మనిషి గది దాటనంటోంది. షోపాన్ కథలో భర్త పోయాడన్న వార్త విన్న లూయీస్ కూడా గది తలుపు లోపల గడియ వేసుకుంటుంది. అయితే ఆమె కిటికీ తెరిచి ఉంది, ఆమెకు ఆ గంటే స్వేచ్ఛ. చెల్లెలు తాళం కన్నం దగ్గర మోకరిల్లి, జబ్బు చేస్తుంది తలుపు తియ్యి అని బతిమాలుతుంది. తలుపు ఎవరు వేశారన్నదాన్ని బట్టి గది మారిపోతుంది. మీ పటాలు మళ్లీ బయటికి తీసి ఈ తగవు తేల్చుకోండి, తేలకపోయినా నష్టం లేదు.

11. వింటున్న మనిషి కథే అయితే

ఇలాంటి కథ చదివినప్పుడు ఎవరో ఒకరు మౌనంగా అయిపోతారు, లేదా మధ్యలో లేచి వెళతారు. వెంటపడి అడగకండి. తర్వాత ఒంటరిగా, "అక్కా, మళ్లీ వారం వస్తావా?" అంటే చాలు. చెప్పాలనుకుంటే తానే చెబుతుంది.

ఈ కొన్ని సంగతులు బృందం నడిపేవారు తెలుసుకుని ఉండాలి. కాన్పు అయిన మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం మామూలే, సాధారణంగా రెండు వారాల్లో తగ్గుతుంది. అది దాటి నిద్ర పట్టక, తిండి సయించక, బిడ్డ మీద కూడా మనసు పోకుండా ఉంటే డాక్టరుకు చూపించాలి. లేనివి కనిపిస్తున్నాయన్నా, వినిపిస్తున్నాయన్నా, తనకో బిడ్డకో హాని చేసుకునే మాటలు వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు. గాలి సోకిందని తాయెత్తు కడతామంటే కట్టుకోనివ్వండి, బండి మాత్రం ఎక్కించండి. బరంపురంలో పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరున ఉన్న వైద్య కళాశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలో అయినా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. మానసిక జబ్బు ఉన్న మనిషిని గొలుసుతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. గోడ కడియాల దగ్గర చర్చ ఆగినప్పుడు ఈ సంగతి చెప్పవచ్చు.

12. తర్వాత ఏమిటి

నాలుగు కథలూ అయ్యాక ఫాక్‌నర్ 'ఎ రోజ్ ఫర్ ఎమిలీ' (1930) తీసుకోవచ్చు. అందులో తలుపు వేసుకుని కూర్చున్న స్త్రీని ఊరంతా బయట నిలబడి చూస్తుంది, కథ చెప్పేది కూడా ఊరే. ఆమె గొంతు మనకు దాదాపు వినిపించదు. మీ పటం ఈసారి వీధిలోంచి గీయాలి. డోరిస్ లెసింగ్ 'టు రూమ్ నైన్టీన్' (1963) గట్టి కథ. సుఖంగా ఉన్న ఇల్లాలు ఒంటరిగా కూర్చోవడానికి హోటల్లో ఒక గది అద్దెకు తీసుకుంటుంది. కానీ లెసింగ్ 2013లో పోయారు, హక్కులు ఇంకా ఉన్నాయి, ప్రతులు తీసి పంచకూడదు, పుస్తకం కొనాలి. పైగా అది ఆత్మహత్యతో ముగుస్తుంది. ఆ మాట ముందే చెప్పి, వినాలో వద్దో ఎవరికి వారు నిర్ణయించుకున్నాకే మొదటి పేజీ తెరవండి.